ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీని పీకించేసిన వాళ్లందరికీ

“సార్, అది ఊరికే ట్రిప్ అవుతోంది, అందుకే డైరెక్ట్ ఇచ్చేశా.” ఈ మాట వింటే చాలు, నాకు బీపీ పెరుగుతుంది. ఎలక్ట్రికల్ పనులు చేయించడమే నా వృత్తి కాబట్టి తెలిసినవాళ్లు కొత్త ఇంట్లో దిగేముందో, పాత ఫ్లాట్ కొనేముందో ఒకసారి వచ్చి చూసిపెట్టమంటారు. నేను ముందు తెరిచేది డీబీ బాక్స్, అంటే ఇంటి బ్రేకర్లన్నీ ఉండే పెట్టె. లోపల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై కట్ చేసే బ్రేకర్) దర్జాగా కూర్చుని ఉంటుంది, లివర్ పైకే ఉంటుంది, టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. కవర్ విప్పితే మీటర్ నుంచి వచ్చిన ఫేజూ న్యూట్రలూ దాన్ని తాకకుండా పక్కనుంచి నేరుగా ఎంసీబీలకి (లోడు ఎక్కువైతే పడిపోయే చిన్న బ్రేకర్లకి) వెళ్లిపోయి ఉంటాయి. అంటే అది అక్కడ ఉన్నది షోకి. కొన్ని ఇళ్లలో ఆ షో కూడా లేదు, ఆ జాగాలో ఒక ప్లాస్టిక్ మూత బిగించేసి ఉంటుంది. ఫాల్స్ సీలింగ్‌లో రంగురంగుల లైట్లు, పూజ గదికి టేకు తలుపులు, హాల్లో గోడంత టీవీ, అన్నీ ఉంటాయి. ప్రాణం కాపాడే రెండు మూడు వేల రూపాయల వస్తువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం “అవసరమా అండీ?” అంటారు.

ఆ “అవసరమా”కి జవాబే ఈ పోస్ట్. పెద్దదే, ఓపికుంటే చదవండి.

అందరూ అనే మొదటి మాట: “మా ఇంట్లో ఎంసీబీలున్నాయి కదా, షాక్ కొడితే అవే పడిపోతాయి.” పడవండీ. ఎంసీబీ ఉన్నది వైరు కాలిపోకుండా చూడ్డానికి. 6 ఆంపియర్ల ఎంసీబీ, ఆ 6 దాటి బాగా ఎక్కువ లోడు చాలాసేపు లాగితేనో, షార్ట్ అయ్యి ఒక్కసారిగా పదుల ఆంపియర్లు పోతేనో పడుతుంది. మనిషి ఒంట్లోంచి అంత కరెంటు పోదు, చావడానికి అంత పోవాల్సిన పనీ లేదు. తడి చేతులతో, చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడ్డ మనిషి ఒంటి నిరోధం ఓ వెయ్యి ఓమ్‌లు అనుకోండి, 230 వోల్టులకి పావు ఆంపియర్ కూడా రాదు. ఎంసీబీకి అది ఎవరో ఇంకో ఫ్యాన్ వేసినట్టే. కానీ 10, 15 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేం. 50 చిల్లర మిల్లీ ఆంపియర్లు కొన్ని సెకన్ల పాటు ఛాతీ మీదుగా పోతే గుండె లయ తప్పిపోవచ్చు. 6 ఆంపియర్లంటే 6000 మిల్లీ ఆంపియర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఆర్‌సీసీబీ చేసే పని వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అన్న ఒక్క లెక్కే అది చూస్తుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు ఎక్కడో దారి తప్పి భూమిలోకి పోతోందన్నమాట, గీజర్ బాడీలోంచో, చెమ్మగిల్లిన గోడలోంచో, మీ పిల్లాడి ఒంట్లోంచో. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరితే 0.3 సెకన్ల లోపు, ఇంకా పెద్దదైతే 0.04 సెకన్లలో సప్లై కట్ చేసేస్తుంది. షాక్ తగులుతుంది, అమ్మా అనిపిస్తుంది, మనిషి మిగులుతాడు.

“మాకు ఎర్తింగ్ బ్రహ్మాండంగా ఉందండీ, ఉప్పూ బొగ్గూ వేసి గుంత తీయించాం” అంటారు ఇంకొందరు. సంతోషం. ఆ గుంతలో చివరిసారి నీళ్లు పోసిందెప్పుడు? ఎండాకాలంలో నేల ఎండిపోయి ఎర్త్ నిరోధం 20 ఓమ్‌లకి పోయిందనుకుందాం. గీజర్‌లో ఎలిమెంట్ పగిలి ఫేజు బాడీకి తగిలింది. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. గీజర్‌కి పెట్టింది 16 ఆంపియర్ల ఎంసీబీ. అది జన్మలో పడదు. ఇంకా ఘోరం ఏంటంటే, ఇంట్లో త్రీ పిన్ పాయింట్లన్నిటి ఎర్త్ వైర్లూ చివరికి ఒకచోటే కలుస్తాయి కాబట్టి బాత్రూమ్‌లో గీజర్ పాడైతే బాల్కనీలో వాషింగ్ మెషీన్, వంటింట్లో ఫ్రిజ్, అన్నిటి బాడీల మీదకీ ఆ వోల్టేజ్ ఎక్కేస్తుంది. కొత్త ఫ్రిజ్ షాక్ కొడుతోందని కంపెనీ వాళ్లకి ఫోన్ చేసి అరిచేవాళ్లలో కొందరి ఇంట్లో అసలు జబ్బు ఇదే, పాపం ఫ్రిజ్‌ది ఏ తప్పూ ఉండదు. అదే ఆర్‌సీసీబీ ఉండుంటే గీజర్ పాడైన క్షణమే, ఎవరూ దేన్నీ ముట్టుకోకముందే సప్లై పోయేది.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవ్వదు. కారణం ఉంటుంది, దాన్ని వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, అంతే. మన ఇళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇన్వర్టర్ తలనొప్పి. ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసింది ఒకతను, రెండేళ్ల తర్వాత బ్యాటరీ షాపు నుంచి వచ్చి ఇన్వర్టర్ బిగించేది ఇంకొకతను. ఈ రెండో అతను ఫ్యాన్లకీ లైట్లకీ ఫేజు మాత్రం ఇన్వర్టర్‌ది ఇస్తాడు, న్యూట్రల్ ఏ బోర్డులో ఏది దగ్గరగా దొరికితే అది కలిపేస్తాడు. ఫేజు ఆర్‌సీసీబీకి ముందు నుంచే వెళ్లిపోయి, న్యూట్రల్ మాత్రం ఆర్‌సీసీబీలోంచి తిరిగొస్తే దాని లెక్క తప్పకేమవుతుంది? పడుతుంది. మళ్లీ లేపితే మళ్లీ పడుతుంది. ఈలోపు అతనికి ఇంకో ఇంటివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. పాయింట్‌కి ఇంత అని మాట్లాడుకున్న పనిలో న్యూట్రల్స్ విడదీసి వేరుగా లాగడానికి ఎవరూ డబ్బులివ్వరు. ఆర్‌సీసీబీలోంచి వైర్లు ఊడదీసి డైరెక్ట్ చేసేసి, “ఇంక ఏం ప్రాబ్లం లేదమ్మా” అంటాడు. ఆ ఇల్లాలు టీ ఇచ్చి పంపిస్తుంది.

మిగతా కారణాలు కూడా ఇలాంటివే. గేటు లైటులోకి వాన నీళ్లు పోవడం, ఫోటో తగిలించడానికి కొట్టిన మేకు గోడలో వైరుని గీరేయడం, బోర్డు బాక్సులో న్యూట్రల్ ఎర్త్‌కి తగలడం. మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టి ఒక్కో సర్క్యూట్ చూసుకుంటూ పోతే ఓ పూటలో దొరికే తప్పులు. వీటన్నిటికీ తాతలాంటిది ఇంకోటుంది: ఎక్కడో న్యూట్రల్ తెగితే కొత్త వైరు లాగే బద్ధకంతో ఎర్త్ వైరునే న్యూట్రల్‌గా వాడెయ్యడం. టీవీ వస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, అందరూ హ్యాపీ. ఆర్‌సీసీబీ పని చేస్తున్న ఇంట్లో ఈ వేషం ఒక్క నిమిషం చెల్లదు. కొందరు పనివాళ్లకి అదంటే అంత కోపం ఎందుకో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

అలాగని పనివాళ్లని మాత్రమే తిట్టి లాభం లేదు. “ఐపీఎల్ చూస్తుంటే మధ్యలో పోయింది, దాన్ని పీకి పారెయ్” అన్నది ఇంటి యజమానే కదా. నిజమే, ఇల్లంతటికీ కలిపి ఒకటే పెడితే గేటు లైటు తడిసినా బెడ్‌రూమ్‌లో ఏసీ ఆగుతుంది, చిరాకేస్తుంది. దానికి మందు ఉంది. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండు పనులూ ఒకటే చేసే ఆర్‌సీబీఓ అని దొరుకుతుంది, గీజర్‌కి ఒకటి, వంటింటికి ఒకటి, బయట లైట్లకి ఒకటి పెట్టుకుంటే ఎక్కడ తప్పుంటే అక్కడే పోతుంది. ఖర్చు కొంచెం ఎక్కువ, ఆ రంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్పుల కంటే తక్కువే. కొనేటప్పుడు ‘ఏ’ టైప్ అడగండి. షాపులో మామూలుగా చేతిలో పెట్టేది ‘ఏసీ’ టైప్ (అది రకం పేరు, చల్లబరిచే ఏసీ కాదు), ఇన్వర్టర్ ఏసీలూ కొత్త వాషింగ్ మెషీన్లూ చేసే కొన్ని రకాల లీకేజీని అది సరిగ్గా పట్టుకోలేదు.

రూల్ లేదా అంటే, ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనల్లోనే ఎర్త్ లీకేజీ రక్షణ గురించి రాసింది. 2023లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఇళ్లలో అది పడే లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లు మించకూడదని స్పష్టంగా ఉంది. 2 కిలోవాట్ల లోపు కనెక్షన్లకి మాత్రం మినహాయింపు. నాకు ఒళ్లు మండేది ఈ మినహాయింపు దగ్గరే. 2 కిలోవాట్ల లోపు ఇళ్లంటే ఏవి? రేకుల ఇళ్లు, ఒక గది ఇళ్లు. ఇనుప బాడీ కూలర్ తిరిగేది అక్కడ, బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి నీళ్లు కాచుకునేది అక్కడ, టూ పిన్ ప్లగ్గుతో అన్నీ నడిచేది అక్కడ. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే వదిలేశారు. ఉచిత కరెంటు, రాయితీ యూనిట్లు ఇచ్చే ప్రభుత్వాలు మీటర్ పక్కన ఒక ఆర్‌సీసీబీ కూడా బిగించి ఇస్తే ఏం పోయింది?

మినహాయింపు లేని ఇళ్లలో అయినా ఎవరు చూస్తున్నారు? కొత్త కనెక్షన్‌కి లైసెన్సున్న కాంట్రాక్టర్ సంతకంతో రిపోర్ట్ ఇవ్వాలి, ఆ సంతకం చాలాసార్లు ఇల్లు చూడకుండానే పడిపోతుంది. మీటర్ పెట్టడానికి వచ్చినాయన మీటర్ పెట్టి, సీల్ వేసి పోతాడు. లోన్ ఇచ్చే బ్యాంకు లింకు డాక్యుమెంట్లు అడుగుతుంది, వాస్తు చూసే ఆయన ఆగ్నేయంలో పొయ్యి ఉందా అని అడుగుతాడు, డీబీలో ఏముందని అడిగే నాథుడు లేడు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో కరెంట్ షాక్ చావులు దేశంలో ఏటా 12 వేల పైనే. అందులో పొలాలవీ, లైన్లవీ కూడా ఉంటాయి, అన్నీ ఆర్‌సీసీబీ ఆపగలిగేవి కావు, ఆ సంగతీ ఒప్పుకుంటా.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలుండి అక్కడికి వెళ్లొచ్చిన అమ్మానాన్నలు చూసే ఉంటారు, బాత్రూమ్ సింకు పక్కన ప్లగ్ పాయింట్ మీదే రెండు చిన్న బటన్లు ఉంటాయి. పని అదే, లీకేజీ పసిగట్టడం, కాకపోతే అది దాదాపు 5 మిల్లీ ఆంపియర్లకే పడుతుంది. అక్కడ వోల్టేజ్ 120, మనకంటే సగం, అయినా అంత జాగ్రత్త. బర్క్‌లీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన చార్లెస్ డాల్‌జీల్, మనిషి ఎంత కరెంటు దాకా పట్టు వదిలించుకోగలడో ఏళ్ల తరబడి పరిశోధించి 1961లో ఆ పరికరం తయారుచేశాడు. వాళ్ల కోడ్‌లోకి, అంటే విద్యుత్ పనుల నిబంధనల్లోకి, 1968లో ఈతకొలనుల లైట్లకి, 1975లో బాత్రూమ్‌లకి వచ్చింది, తర్వాత వంటిల్లు, గ్యారేజీ అలా పెరుగుతూ పోయింది. ఒక్కరోజులో ఎవరూ మారలేదు, కానీ ప్రతిసారీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాడు. తేడా అక్కడుంది.

వాళ్లు ఇంకో మెట్టు ఎక్కి నిప్పురవ్వల మీద కూడా పడ్డారు. వదులైన స్క్రూ దగ్గర, ఎలుక కొరికిన వైరు దగ్గర, మంచం కాలు కింద నలిగిన ఎక్స్‌టెన్షన్ వైరు దగ్గర చిటపటమని రవ్వలు వస్తాయి చూడండి, ఆ చుక్క జాగాలో వేడి వేల డిగ్రీలు. పోయే కరెంటు మాత్రం మామూలు లోడుదే కాబట్టి ఎంసీబీకి కనపడదు. పోయింది పోయినట్టు తిరిగొస్తుంది కాబట్టి ఆర్‌సీసీబీకీ కనపడదు. ఆ రవ్వల తీరుని గుర్తుపట్టి కట్ చేసే బ్రేకర్‌ని అమెరికా 1999 కోడ్‌లో పెట్టి, 2002 జనవరి నుంచి బెడ్‌రూమ్‌లకి తప్పనిసరి చేసింది. బ్రిటన్ 2022లో ఎత్తైన నివాస భవనాలకీ, వృద్ధాశ్రమాలకీ, విద్యార్థుల వసతి భవనాలకీ పెట్టింది. దానికీ తిట్లున్నాయి. వరసకి తమ్ముడయ్యేవాడొకడు అమెరికాలో కొత్త ఇల్లు కొని, ట్రెడ్‌మిల్ వేసినప్పుడల్లా గదిలో కరెంటు పోతోందని నాకు ఫోన్ చేసి గోల. కొన్ని రాష్ట్రాలు ఆ నిబంధనని కుదించుకున్నాయి కూడా.

మన దగ్గర దాన్ని తప్పనిసరి చేయమని నేనైతే అడగను. ఆర్‌సీసీబీనే పీకేసుకునే చోట అంతకు ఎన్నో రెట్ల ధర ఉండే బ్రేకర్ గురించి మాట్లాడితే నవ్వుతారు. కానీ 2025 మేలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో మంటలంటుకుని 17 మంది పోయారు, షార్ట్ సర్క్యూట్ అని ప్రాథమికంగా చెప్పారు. ఎక్కడ మంటలంటుకున్నా ఆ ఒక్క మాటతో వార్త అయిపోతుంది, తెల్లారి మన ఇంట్లో ఏసీ ప్లగ్గు నల్లబడి ఉంటే దాన్నే మళ్లీ నొక్కి పెడతాం. కనీసం ఎండాకాలం ముందు డీబీలో స్క్రూలన్నీ ఒకసారి బిగించమనండి. వైర్లు మెలేసి టేపు చుట్టిన జాయింట్లుంటే తీయించండి. కాలిన ప్లగ్ టాప్, దాని సాకెట్ రెండూ మార్చండి, ఒకటి మార్చి ఒకటి ఉంచితే కొత్తది కూడా కాలుతుంది.

ఇంకో విషయం చెప్పకపోతే తప్పుదారి పట్టించినట్టవుతుంది. బట్టలారేసే దండెం తీగకి కరెంటు వచ్చి ఒకరు పట్టుకోవడం, కాపాడబోయి ఇంకొకరు పోవడం, ఈ వార్త మన జిల్లా పేపర్లలో ప్రతి వానాకాలం వస్తుంది. ఆ కరెంటు చాలాసార్లు స్తంభం నుంచి మీటర్‌కి వచ్చే సర్వీస్ వైరు ఒరుసుకుపోయి వచ్చేది. అది మీటర్‌కి ముందే కాబట్టి ఇంట్లో ఆర్‌సీసీబీకి దానితో సంబంధం లేదు, ఏమీ చేయలేదు. ఇనుప తీగ తీసి నైలాన్ తాడు కట్టండి, సర్వీస్ వైరు ఆనుకున్న పైపుకి మాత్రం ఏదీ కట్టకండి. అలాగే ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నా ఆర్‌సీసీబీ కాపాడదు, ఆ లెక్కలో తేడా రాదు కదా.

ఈ రోజు చేయగలిగింది ఒకటే. డీబీ తెరిచి, ఇంగ్లీషులో T అని రాసి ఉన్న చిన్న టెస్ట్ బటన్ నొక్కండి. టక్ మని పడితే సంతోషం, నెలకోసారి నొక్కుతూ ఉండండి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ‘ట్రిప్ అవ్వకుండా చెయ్యి’ అనకండి, ‘ఎందుకు ట్రిప్ అయ్యేదో వెతుకు, దానికి రోజు కూలీ వేరే ఇస్తా’ అనండి. అద్దె ఇంట్లో ఉన్నాం, ఓనర్ ఒప్పుకోడు అంటారా, గీజర్ పాయింట్ దగ్గర చిన్న బాక్సులో ఒక 30 మిల్లీ ఆంపియర్లది మీ డబ్బులతో బిగించుకోండి. ఖాళీ చేసేటప్పుడు గీజర్‌తో పాటు దాన్నీ విప్పుకుని వెళ్లిపోవచ్చు.