మామయ్యగారి ఏడో మాట

ఈసారి మంచి శుక్రవారం ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఏడోదాని మీద ప్రసంగం మా మామయ్యకు ఇచ్చారు. మొదటి ఆరు మాటలూ వేరే పెద్దలకు పోయాయి. ఈయనకు మిగిలింది "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను." తాను విడిచిపెట్టలేనిది ఏదో రాసుకొచ్చి, దాని మీద పది నిమిషాలు మాట్లాడాలి. అప్పటినుంచీ సీతాఫల్‌మండిలోని మా ఇంట్లో అప్పగింత తప్ప వేరే ఊసు లేదు. సబ్బు అరిగిపోయినా "పోనీయమ్మా, అప్పగించేయ్" అంటున్నారు.

గురువారం పొద్దున నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. హాల్లో ఇది జరిగింది. నాకు మొదటి ముక్కకే సంగతి తెలిసిపోయింది. బయటికెళ్లి ఒక్క మాట చెబితే ఆగేది. చెప్పలేదు. నేను మా అత్తయ్య పార్టీ అని కూడా ముందే చెప్పేస్తున్నాను.

అత్తయ్య: ఏమయ్యా, ఇదేంది?

మామయ్య: ఏది?

అత్తయ్య: నీ బైబిల్ల దొరికింది. లూకా ఇరవై మూడుల.

మామయ్య: ఓ, రేపటి ప్రసంగం. చదువు చదువు. గట్టిగా చదువు. ఎక్కడైనా సాగదీసినట్టుంటే చెప్పు.

అత్తయ్య: "1987లో నా ఇంట అడుగుపెట్టినది." మన లగ్గమైన యేడు.

మామయ్య: ఆ యేడే కదా మరి.

అత్తయ్య: "అప్పుడు తెల్లగా, ఒద్దికగా, చప్పుడు లేకుండా ఉండేది." అంటే? ఇప్పుడు ఒద్దిక లేదా?

మామయ్య: అప్పటికీ ఇప్పటికీ ఒకేలా ఉంటుందా? కొంచెం పసుపు తిరిగింది. వయసు మీద పడ్డాక ఎవరైనా అంతే. నేనేం తప్పు పట్టలేదు.

అత్తయ్య: పసుపు తిరిగిన్నా! అద్దంల జూసుకుంటె నాకు కనవడలే. సరే. "ఇప్పుడు మూలన ఉండి వేడెక్కుచున్నది." ఎవరు వేడెక్కిస్తున్నరు?

మామయ్య: ఎవరూ అక్కర్లేదు. దానికదే. కావాలంటే వెనకాల చెయ్యి పెట్టి చూడు, కాలిపోతుంది.

అత్తయ్య: ఛీ! కోడలు ఇంట్లున్నది. సిగ్గులేదా?

మామయ్య: కోడలికి తెలీదా ఏంటి? రోజూ చూస్తూనే ఉందిగా.

(నేను చింతపండు గిన్నెలో మొహం పెట్టేశాను.)

అత్తయ్య: "లోపల ఎన్నేళ్లనాటివి దాచుకున్నదో ఎవరికిని తెలియదు." ఇదెవర్ని అన్నవ్?

మామయ్య: ఏం, అబద్ధమా? పోయిన క్రిస్మస్‌వి కూడా ఇంకా అలాగే ఉన్నాయి లోపల.

అత్తయ్య: ఉంటయ్! ఎందుకుండయ్? పోయిన క్రిస్మస్‌కు మీ చెల్లె నన్ను అందరి ముంగట "వదిన చేసిన కేకు ఇటుకలెక్క ఉన్నది" అంటె, నేను మర్చిపోవాల్నా?

మామయ్య: చెల్లెలెందుకొచ్చింది మధ్యలో? ముందుకు చదువు, అసలైంది ముందుంది.

అత్తయ్య: "పని తగ్గినది గాని తినుట తగ్గలేదు."

మామయ్య: మొన్నటి బిల్లు చూశావుగా.

అత్తయ్య: నా తిండికి బిల్లు లెక్కవెడ్తున్నవా? లెంటు నలభై ఉపవాస దినాలల్ల ఒక్క పూటనే తింటున్న నేను! ఆదివారాలు నలభైల లెక్కకు రావని జిలేబీలు తెప్పిచ్చుకున్నదెవరు?

మామయ్య: అబ్బ, నిన్నెవరన్నారే... చదువు.

అత్తయ్య: "ఇరుగుపొరుగువారేమి, కన్నకొడుకు సహితము మార్చివేయుమని చెప్పుచున్నాడు." ఏందీ? మన పోరడు గూడనా?

మామయ్య: వాడే ముందన్నాడు. "ఎన్నాళ్లు భరిస్తావు నాన్నా, కొత్తది తెచ్చుకో, సగం డబ్బులు నేనిస్తా" అన్నాడు.

అత్తయ్య కుర్చీలో కూలబడ్డ చప్పుడు ఇక్కడికి వినిపించింది.

అత్తయ్య: కన్నకొడుకు... కొత్తదాన్ని తెచ్చుకొమ్మన్నడా. సగం పైసలిస్తనన్నడా. ఓ బిడ్డా, విన్నవా నీ మొగుడి ముచ్చట?

"విన్నా అత్తయ్యా" అన్నాను. ఆ గొంతులో వణుకు నవ్వుదని ఆమెకేం తెలుసు, పాపం, కోడలు కూడా ఏడుస్తోందనుకుంది.

మామయ్య: ఆ తర్వాతి వాక్యం చదవ్వే, అది కదా గుండెకాయ.

అత్తయ్య: "అయినను నా ప్రాణము దానిమీదనే యున్నది." ...గిది మొదట్ల రాయొద్దా?

మామయ్య: మొదటే చెప్పేస్తే జనం నిద్రపోతారు. పట్టుగా ఉంచి చివర్లో విప్పాలి.

అత్తయ్య: నిజంగనే గంత ఉన్నదా? ప్రాణం?

మామయ్య: లేకపోతే ఇన్నాళ్లు ఎందుకుంచుకుంటానే? అందరూ వద్దన్నా?

అత్తయ్య: ఊఁ. ఛాయ్ తాగుతవా?

మామయ్య: తాగుతా. ఆ చివరి ముక్క కూడా చదివెయ్.

అత్తయ్య: "కాబట్టి ప్రభువా, ఇక నా వల్ల కాదు. ఈ వారము దానిని నీకు అప్పగించుచున్నాను." అప్పగిస్తవా? ఏ వారం? ఈ వారమా? ఏమయ్యా, నేను రాయిలెక్కున్న. షుగర్ లేదు, బీపీ లేదు. నన్నొక్క మాట అడగొద్దా?

మామయ్య: అబ్రాహాము కొడుకును బలివ్వడానికి ఎవర్నైనా అడిగి బయల్దేరాడా?

అత్తయ్య: ఇస్సాకుకు ఆఖర్ల పొట్టేలు దొరికింది. నాకు బదులు ఎవర్ని పెడ్తవ్? మీ చెల్లెనా?

మామయ్య: నీకు బదులేంటి? నీకేమైంది పొద్దున్నే? నేను చెప్పేది ఆ శబ్దం గురించి. రాత్రంతా గుర్రు గుర్రుమని, నిద్ర ఉండట్లేదని.

అత్తయ్య: గురక వస్తె లేపొచ్చు గదా! పక్కకు ఒత్తిగిల్లి పండుకుందును.

మామయ్య: పక్కకు తిప్పి కూడా చూశానే. గోడకు తగిలి ఇంకా ఎక్కువైంది. కింద అట్టముక్క పెట్టా, అయినా తగ్గలేదు.

అత్తయ్య: నా కింద అట్టముక్క పెట్టినవా! ఎప్పుడు?

మామయ్య: పోయిన ఎండాకాలం. నువ్వు మెదక్ వెళ్లినప్పుడు.

అత్తయ్య: నేను మెదక్‌ల ఉంటె సీతాఫల్‌మండిల నన్నెట్ల తిప్పినవయ్యా?

ఇక్కడ ఇద్దరూ ఆగారు. సరిగ్గా అప్పుడే వంటింటి మూలలో మా ఫ్రిజ్ మోటారు "గుర్ర్ర్" మని లేచింది. మామయ్య చెయ్యెత్తి అటు చూపించారు. అత్తయ్య నా వైపు చూసింది. ఆ తర్వాత ఫ్రిజ్ వైపు. తెల్ల రంగు మాసి పాతబడ్డ తలుపు, వదులైన రబ్బరు లోంచి తొంగిచూస్తున్న సైకిల్ ట్యూబు ముక్క, హ్యాండిల్‌కి గుచ్చిన మట్టల ఆదివారం నాటి ఈతాకు సిలువ.

అత్తయ్య: ఫ్రిజ్జా?

మామయ్య: ఫ్రిజ్జే. నువ్వెవరనుకున్నావు?

నిజానికి గొడవ ఇక్కడితో అయిపోవాలి. వేరే ఇళ్లల్లో అయిపోతుందేమో.

అత్తయ్య: అంటె నీ ప్రాణం ఫ్రిజ్ మీదున్నదా?

మామయ్య: అదీ... అంటే ఒక ఉదాహరణ...

అత్తయ్య: ఇడిసిపెట్టలేనిది ఏందని రాయమంటె నీకు ఫ్రిజ్ యాదికొచ్చింది. నేను రాలే. నన్నైతె అల్కగ ఇడిసిపెడ్తవన్నమాట.

మామయ్య: ఇందాక నువ్వనుకుని ఏడ్చావు, ఇప్పుడు నువ్వు కాదని ఏడుస్తున్నావు. ఏం రాయాలే నేను?

అత్తయ్య: నేను రాస్తె నిన్నే రాస్తుంటి.

మామయ్య: ...నిజంగా?

అత్తయ్య: మరి? చప్పుడు గూడ ఎక్కువే గదా.

మామయ్య: అది కాదే. నీకు తెలీదా, ఆ తలుపు నా షిఫ్టులో బిగించింది. 1942లో పెట్టిన కంపెనీ ఆల్విన్. సనత్‌నగర్ గేటు దగ్గర షిఫ్టు మారుతుంటే రోడ్డు పట్టేది కాదు మాకు. బస్సు బాడీలు కట్టాం, వాచీలు చేశాం, ఫ్రిజ్‌లు చేశాం. ఇప్పుడేం మిగిలింది? మియాపూర్ దగ్గర ఆల్విన్ క్రాస్‌రోడ్స్ అని కండక్టర్ అరుస్తాడు, కుర్రాళ్లు దిగిపోతారు, ఆల్విన్ అంటే ఏంటో వాళ్లకేం తెలుసు. మిగిలింది ఆ బస్టాపూ, ఈ ఫ్రిజ్జూ.

అత్తయ్య: మా తాత కరువుల మెదక్ గుడికి రాళ్లు మోసిండు. మిషనరీ పోస్నెట్ దొర పనిచ్చి అన్నం పెట్టిండు. 1924 క్రిస్మస్‌కు గుడి తెరిచిన్రు. మా తాత ఒక్క రాయన్న ఇంటికి తెచ్చుకున్నడా?

మామయ్య: ఆయనకేమే, గుడి అక్కడే ఉంది. మనసైనప్పుడల్లా వెళ్లి చూసుకున్నాడు. నా ఫ్యాక్టరీ ఏది, వెళ్లి చూసుకోడానికి?

నేను అత్తయ్య పార్టీయే కానీ, ఇక్కడ మాత్రం మామయ్యకు ఒక మార్కు వేశాను. అత్తయ్య కూడా వేసినట్టుంది. లేచొచ్చి ఛాయ్ పెట్టింది. ఆయనకు చక్కెర రెండు చెంచాలు వేసింది, మామూలుగా ఒకటే. గ్లాసు మాత్రం టీపాయ్ మీద ఠక్కుమని కొట్టి పెట్టింది.

అత్తయ్య: తాగు. ఇంతకు ప్రభువుకు ఎట్ల అప్పగిస్తవ్? ఆరాధనకు మోసుకపోతవా?

మామయ్య: శనివారం వస్తారు.

అత్తయ్య: ఎవరు? దేవదూతలా?

మామయ్య: షాపు వాళ్లు. ఎక్స్‌ఛేంజ్ మేళా ఉంది. పాతది ఇస్తే మూడు వేలు తగ్గిస్తారట. డబుల్ డోర్‌ది చూసొచ్చాను.

అత్తయ్య: ఆగాగు. గుడిల నిలవడి, కండ్లల్ల నీళ్లు వెట్టుకొని ప్రభువుకు అప్పగిస్తున్న అంటవ్. శనివారం మూడు వేల డిస్కౌంట్ జేబుల వేసుకుంటవ్. తుప్పు దేవునికి, డబుల్ డోర్ నీకు!

మామయ్య: అలా మాటలు కలిపేయకు. తుప్పు సంగతి వాక్యంలోనే ఉంది. "భూమిమీద ధనమును కూర్చుకొనవద్దు", చిమ్మెట తింటుంది, తుప్పు తింటుంది అని. మత్తయి ఆరు. అందుకే వదిలించుకుంటున్నా.

అత్తయ్య: చిమ్మెట కొత్త ఫ్రిజ్‌ను తినదా? వారంటీ ఉన్నదా మత్తయిల?

మామయ్య: మరేం చెయ్యమంటావు?

అత్తయ్య: నేను చెప్తె చేస్తవా? ఆ డబుల్ డోర్ కొను. కొని, చర్చి వెనకాల హాస్టల్ పిల్లలున్నరు గదా, వాళ్లకియ్యి. ఎండలు ముదురుతున్నయ్, చల్లని నీళ్లు తాగుతరు. పాతది మనకుంటది.

మామయ్య మాట్లాడలేదు. నేను తొంగి చూశాను. ఛాయ్ గ్లాసు సగంలో ఆగిపోయి ఉంది.

అత్తయ్య: ఏమైందయ్యా? బైబిల్ల ఆస్తిగల్ల పిల్లగాడు గూడ, ఉన్నది అమ్మి బీదలకియ్యమంటె అచ్చం గిట్లనే మొఖం వేలాడేసుకొని పోయిండు.

మామయ్య: కొత్తదాంట్లో ఐస్ దానంతటదే పడుతుందే. బటన్ నొక్కితే.

అత్తయ్య: అబ్బో. ఇప్పుడు ఎరుకైంది నీ ప్రాణం ఏడున్నదో. పాతదాని మీద లేదు, బటన్ మీదున్నది.

మామయ్య: పోనీ ఒక పని చేద్దాం. పాతదాన్ని బాగు చేయించి హాస్టల్‌కి ఇద్దాం. దానం చేసినట్టూ ఉంటుంది...

అత్తయ్య: అననీయ గూడ గట్లనే అనుకున్నడు. పొలం అమ్మిన పైసలల్ల కొంత దాపెట్టుకొని, మిగిలింది తెచ్చి అపొస్తలుల కాళ్లకాడ పెట్టిండు. ఏమైంది? నిలవడ్డ కాడ్నే పడి పాణం ఇడిసిండు.

మామయ్య: ఆయనొక్కడే పోయాడా? పెళ్లాం సప్పీరా కూడా పోయింది. సరిగ్గా చదువు. మూడు గంటల తర్వాత.

అత్తయ్య: అయితె మంచిదే. నువ్వు పొయినంక మూడు గంటలు నాకు నిమ్మళంగ దొరుకుతయ్.

మామయ్య: మూడు గంటలా? నువ్వా? గ్యాస్ కట్టేసి, తలుపు తాళం వేసి, పది నిమిషాల్లో నా వెనకాలే వచ్చేస్తావు.

అత్తయ్య: పది నిమిషాలల్ల ఎట్లొస్తనయ్యా? పాల ప్యాకెట్లు ఫ్రిజ్‌ల పెట్టాలె. ఇరిగిపోవా?

మామయ్య: ఏ ఫ్రిజ్‌లో?

అత్తయ్య: ఏదుంటె దాంట్ల. లే, ఆ కాయితం ఇటు తే. రెండో లైన్ల "ఒద్దికగా" కొట్టెయ్. ఫ్రిజ్‌కైనా సరే, నాకు నచ్చలే.