"పోనీలే, ఆ సిగరెట్టయినా తాగనివ్వండి" అనకండి

మనసు బాగోలేని మనిషి గురించి ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అనే మాట ఇది. వైద్యం తెలిసినవాళ్లూ అంటుంటే మాత్రం కోపమొస్తుంది.

ఒంట్లో నికోటిన్ దాదాపు 2 గంటలకు సగమైపోతుంది. దాంతో చిరాకు, అలజడి, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం. ఇంకోటి వెలిగిస్తే సర్దుకుంటుంది. "టెన్షన్ తగ్గింది" అంటాం. తగ్గింది ఇందాకటి సిగరెట్టు తెచ్చిపెట్టిన టెన్షనే! మానేశాక మొదటి వారం కష్టమే, కాదనను. కానీ 26 అధ్యయనాలను కలిపి చూసి 2014లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రిక వేసిన సమీక్షలో, మానేసినవాళ్లకు ఆందోళన, దిగులు తగ్గాయనే తేలింది. మానసిక జబ్బున్నవాళ్లకూ అంతే.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. సిగరెట్ పొగ కాలేయంలో ఒక ఎంజైమ్‌ను పెంచుతుంది. ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటి మానసిక జబ్బు మందుల్ని అది త్వరగా కరిగించేస్తుంది. సిగరెట్ మానితే ఆ ఎంజైమ్ కొద్దిరోజుల్లోనే తగ్గిపోయి, అదే మోతాదు ఎక్కువైపోతుంది: మగత, తూలు, క్లోజపిన్‌తో అయితే ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే మానే తేదీ డాక్టరుకు ముందే చెప్పాలి. ఇది పొగ చేసే పని, నికోటిన్‌ది కాదు. సిగరెట్ బదులు నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించుకునే పట్టీ) వేసుకున్నా మందు మోతాదు చూడాల్సిందే. కాఫీ కరిగేదీ ఆ ఎంజైమ్‌తోనే. సిగరెట్ మానేసి కాఫీ మాత్రం ఎప్పటిలాగే తాగితే నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది. "మానినందుకే ఇలా" అనుకుని మళ్లీ వెలిగిస్తారు. కాఫీ సగానికి తగ్గించి చూడండి.

మద్యం సంగతి వేరు. నిద్ర కోసమని పెగ్గేస్తే త్వరగానే పడుతుంది, మత్తు దిగేవేళకు తెల్లవారుజామున మెలకువొచ్చి గుబులు పట్టుకుంటుంది. అలాగని, రోజూ బాగా తాగే మనిషి చేత "రేపట్నుంచి చుక్క ముట్టను" అని ఒట్టు వేయించుకోకండి. ఒక్కసారిగా ఆపితే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తాగుతాడని అక్కడ చెప్పి తీరాలి, ఎందుకంటే థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది.

మద్యం వల్ల వచ్చిన దిగులు చాలామందికి మానేసిన 2 నుంచి 4 వారాల్లో తేలికపడుతుంది. చచ్చిపోవాలనే ఆలోచనలుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరుకు చూపించండి.

డాక్టరు ఇవేమీ అడక్కుండా మాత్రలు రాసేస్తే మీరే చెప్పండి: రోజుకు ఎన్ని సిగరెట్లు, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది, ఎన్ని పెగ్గులు, చివరిది ఎప్పుడు.