ఒంటె దిగే గొంతు

పాపం విషయంలో మన క్రైస్తవ సంఘాలకు ఉన్నంత స్పష్టత మరే సంస్థకూ లేదని ఘంటాపథంగా చెప్పగలను. సినిమా పాపం, సారా పాపం, సిగరెట్టు మహాపాపం, బొట్టు సంగతి అడగనే అక్కరలేదు. ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతి సోదరుడూ ఈ పట్టికలోంచే పాపాలు ఏరుకుంటాడు, అవన్నీ రక్షణ పొందక ముందు చేసినవే అయివుంటాయి. నిన్న శనివారం చేసిన పాపాన్ని గురించి సాక్ష్యం చెప్పినవాణ్ణి నలభై ఏళ్లుగా మందిరానికి వెళ్తున్న నేను ఒక్కణ్ణీ చూడలేదు. రక్షణ అంటే పాపాలన్నీ భూతకాలంలోకి బదిలీ కావడమని దీన్నిబట్టి నాకు బోధపడింది.

ఇంత స్పష్టతలోనూ ఒక చిన్న చిక్కు ఉంది. అది పెళ్లిళ్ల కాలంలో బయటపడుతుంది.

మా వైపు కొన్ని సంఘాల్లో బంగారం ధరించరాదు. బాప్తిస్మం నాడు గాజులు, గొలుసు, దిద్దులు తీసేసిన సోదరి ఆ తరువాత తెల్లచీర తప్ప మరో అలంకారం ఎరుగదు. అంతటి భక్తిగల ఇంటివారు కోడలి కోసం వెతికేటప్పుడు పెట్టే నియమం ఏమిటంటే, అమ్మాయి నగలు పెట్టుకోకూడదు గాని తెచ్చుకోవాలి. ఒంటిమీది కాసు సాతాను శోధన, లాకరులోని కాసు ఆశీర్వాదం. ఇన్ని కాసులు కావాలని నోరు తెరిచి అడగడం లోకస్థుల పద్ధతి గనుక, మనవాళ్లు "దేవుడు మిమ్మల్ని ప్రేరేపించినంత" అని అడుగుతారు. ఆ ప్రేరేపణ ఎంతదాకా రావాలో మధ్యవర్తి ముందే చెప్పి ఉంటాడు. 1961 నాటి చట్టం వరకట్నాన్ని నిషేధించింది గాని ప్రేరేపణను నిషేధించలేదు. నేనెరిగిన ఒక పాస్టరు అయ్యగారు తమ కుమారుని పెళ్లికి ముట్టిన మొత్తంలో పదోవంతు మందిరానికి సమర్పించి, మిగిలిన తొమ్మిది వంతులనూ పరిశుద్ధపరచుకున్నారు. దశమభాగాన్ని జీతంలో పన్ను కోత పడక ముందు లెక్కకట్టాలా, పడ్డాక లెక్కకట్టాలా అని యువజన కూటంలో రెండు వారాలు తర్జనభర్జన పడిన మాకు, ఈ మొత్తం ఎక్కడిదని అడగాలని మాత్రం తోచలేదు.

ఇక కులం. క్రీస్తులో యూదుడని గ్రీసుదేశస్థుడని లేదన్న వాక్యం మా మందిరం గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ మాట రాసిన అపొస్తలుడు పౌలు యూదుల మాట, గ్రీసువారి మాట ఎత్తాడే గాని మాల మాదిగల మాట, కమ్మ రెడ్ల మాట ఎత్తలేదు గనుక, మన పెద్దలు ఆ వాక్యాన్ని తుచ తప్పకుండా పాటిస్తున్నారు: గ్రీసు నుంచి సంబంధం వస్తే ఎవరూ కాదనరు. "రక్షింపబడి, ప్రార్థనాపరురాలైన వధువు కావలెను" అన్న ప్రకటనలో తరువాతి మాట కులం, ఆ తరువాతిది ఉపకులం. వెనకటికి ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మాదిగలను చేర్చుకోబోతే, వాళ్లు వస్తే మేము రామని పై కులాలవారు తేల్చి చెప్పారు. దొర వాళ్లనే చేర్చుకున్నాడు, పై కులాల పిల్లలు ఆయన బడి మానేశారు. తరువాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతమందిని నిలువునా తడిపిన ఏరు, సంబంధాల పట్టికలో ఆ ఒక్క గడిని మాత్రం తడపలేకపోయింది.

పుదీనాలోను, సోపులోను, జీలకర్రలోను పదోవంతు చెల్లించి, న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టినవారిని, దోమను వడగట్టి ఒంటెను మింగేవారని ప్రభువు గద్దించాడు. మా అయ్యగారు ఆ అధ్యాయాన్ని మొన్ననే వివరిస్తూ, అది ధర్మశాస్త్రాన్ని అక్షరాలా పాటించే ఆనాటి యూదులైన పరిసయ్యులను ఉద్దేశించినదనీ, పరిసయ్యులు ఇప్పుడెక్కడా లేరనీ చెప్పి మా మనసులు తేలికపరిచారు.

పెళ్లికి ముందు మా మందిరంలో మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానావారికీ ఫలానావారికీ జరగబోయే ఈ వివాహం పట్ల ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపాలని అడిగి, అయ్యగారు కళ్లజోడు పైనుంచి ఒకసారి అందరినీ చూస్తారు. పోయిన ఆదివారం మూడోసారి చదివినప్పుడు, అల్లుడి పేర స్థలం రాసిన దస్తావేజులో సాక్షి సంతకం చేసిన సంఘపెద్ద ముందు వరసలో ఉన్నాడు. కులం కలవలేదని రెండేళ్ల కిందట ఇదే పిల్లకు ఒక ప్రార్థనాపరుడి సంబంధం తప్పించిన మేనమామ కిటికీ పక్కన ఉన్నాడు. విందు వంటల బేరం మా బావమరిదికి ఇప్పించుకున్న నేను నాలుగో వరసలో ఉన్నాను. ఎవరమూ దగ్గనైనా దగ్గలేదు. అభ్యంతరాలు లేవని రిజిస్టరులో రాసుకుని, అయ్యగారు కానుకల సంచి తిప్పమన్నారు.