బూట్ల పెట్టెలో బయస్కోపు

నిన్న రాత్రి మా ఇంట్లో ఏడుగురం గోడకు వీపు తిప్పి కూర్చుని, ఆ గోడమీది సినిమానే చూశాం. ఇంకా ఆ కోపం చల్లారలేదు.

ఒక మహానుభావుడి వీడియో చూశాను. బూట్ల పెట్టెకు చిల్లుపెట్టి భూతద్దం అతికించి, లోపల ఫోను నిలబెడితే ఇల్లే సినిమాహాలట. ఐదు నిమిషాల పని అన్నాడు. ఎంతసేపు పట్టిందో ఇప్పుడెందుకులెండి. బొమ్మ తలకిందులుగా పడుతుందని అతనే చెప్పాడు కనుక, తెర తనంతట తాను తిరగకుండా కట్టడిచేసి ఫోనును తిరగేశాను. వెలుతురు సంగతి మాత్రం చెప్పలేదు. 6 అంగుళాల తెర గోడమీద 36 అంగుళాలైతే వెలుతురు 36 రెట్లు పలచబడుతుంది. అసలు ఫోను ఇచ్చే వెలుతురులో భూతద్దానికి చిక్కేదే కొంత. కిటికీలకు దుప్పట్లు కట్టాక బొమ్మ కనిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడే ఆపేసి ఉండవలసింది.

పరభాషా చిత్రం. కింద మాటలు తెలుగులో పడతాయి. పడ్డాయి, కుడి నుంచి ఎడమకు. ప్రతి తలకట్టూ అలిగినట్టు పెడమొహం పెట్టుకుని ఉంది. సున్న ఒక్కటే ఎప్పటిలా గుండ్రంగా, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. "ఇది ఏ దేశపు లిపి నాయనా?" అన్నారు అత్తగారు.

భూతద్దం బొమ్మను అరచుట్టు తిప్పితే, ఫోనును తిరగేసి దాన్ని సరిచేయవచ్చు. కానీ ఫోను గోడవైపు చూస్తుంటే మనం దాని వీపు వెనక కూర్చుంటాం. కుడి ఎడమలు మారే ఉంటాయి. మరి ఆ పెద్దమనిషి వీడియోలో చక్కగా కనిపించిందే? అతను చూపించింది చేపల తొట్టి! చేప ఎటు ఈదితే ఎవరికి పట్టింది? గడుసువాడు.

డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ అదృష్టవంతుడు. 1662లో తండ్రి ఆయన మేజిక్ లాంతరును (దీపం వెలుతురుతో బొమ్మలను గోడమీద వేసే యంత్రం) ఫ్రాన్సు రాజుగారి కొలువులో చూపిస్తానంటే పరువు పోతుందని భయపడి, అది పనిచేయకుండా ఒక కటకం తీసేయమని తమ్ముడికి ఉత్తరం రాశాడు. నాకు అలాంటి తమ్ముడు లేడు. ఉపాయాలు చెప్పే అక్క ఉంది.

"అద్దంలో చూస్తే సరిపోతుంది కదరా?"

నిలువుటద్దం అలమారా తలుపుకు ఉంది. కాబట్టి అలమారా వచ్చింది, బట్టలతో సహా. దాని ఎదుట ఏడుగురం, వెనక గోడమీద సినిమా. అద్దంలో కథానాయకుడి కంటే మా మొహాలే ముందు కనిపిస్తున్నాయి. అత్తగారు కొప్పు సవరించుకోవడంలో పడి హత్య జరిగిన సంగతే గమనించలేదు. "తల అడ్డం తీయవోయ్" అన్నాను బావమరిదితో. "ఏ తల? ఇక్కడున్నదా, అద్దంలోదా?" అన్నాడు. అందరి తలలూ పక్కకు వంచాక కథ కాస్త అర్థమవుతోంది అనుకునేంతలో, ఆలస్యంగా వచ్చిన బావగారు వీధి తలుపు తీయమని నాకు ఫోను చేశారు.

సాయంత్రం నుంచి మసకగా ఏడ్చిన యంత్రం ఆ ఒక్క క్షణం అద్భుతంగా పనిచేసింది. ఆయన పేరు నేను దాచుకున్నది దాచుకున్నట్టే, ఒక్క తలకట్టూ చెదరకుండా అద్దంలో వెలిగింది: "అప్పు బావ, ఎత్తకూడదు."

అక్క పైకి చదివింది. రెండుసార్లు.