కొత్త లెన్సుల మసకకు ‘అలవాటవుతుంది’ జవాబు కాదు

కొత్తగా కాంటాక్టు లెన్సులు పెట్టుకున్నవారు చూపు మసకగా ఉందంటూ దుకాణానికి తిరిగి వెళితే, చాలాచోట్ల వినిపించే సమాధానం ఒకటే: ‘నాలుగు రోజులు వాడండి, అదే అలవాటవుతుంది.’ ఈ మాటలో కొంతే నిజముంది. రెప్ప కింద ఏదో ఉన్నట్టనిపించే ఇబ్బంది, మొదట్లో కళ్లలో నీళ్లూరడం వాడుకతో తగ్గుతాయి. దూరానికీ దగ్గరికీ ఒకే లెన్సులో పవర్ ఉండే మల్టీఫోకల్ లెన్సులకు మెదడు సర్దుకోవడానికీ కొన్నాళ్లు పడుతుంది. కానీ మామూలు లెన్సుతో బస్సు బోర్డు మీది అక్షరాలు చెదిరినట్టు కనిపిస్తుంటే అది అలవాటుతో పోయేది కాదు. పవర్ తప్పినా, లెన్సు కంటి మీద కుదురుగా కూర్చోకపోయినా ఆ మసక అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు దాన్ని గమనించడం మనమే మానేస్తాం.

అసలు చిక్కు కళ్లద్దాల చీటీ చూపించి అదే నంబరుతో లెన్సులు కొనడంతో మొదలవుతుంది. కళ్లద్దం కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరకు, సుమారు 12 మిల్లీమీటర్ల ముందు నిలుస్తుంది. లెన్సు నేరుగా దాని మీదే ఉంటుంది. ఈ దూరం చిన్న పవర్లలో లెక్కకు రాదు గానీ, నాలుగు దాటితే పట్టించుకోక తప్పదు. కళ్లద్దాల్లో మైనస్ 6 ఉన్నవారికి లెన్సులో దాదాపు మైనస్ 5.50, మైనస్ 8 ఉన్నవారికి మైనస్ 7.25 సరిపోతుంది. ప్లస్ పవర్ వారికి లెక్క తిరగబడి, ప్లస్ 6 కాస్తా ప్లస్ 6.50 అవుతుంది. మైనస్ 8ని మార్చకుండా అలాగే వాడితే ముప్పావు డయాప్టర్ (పవర్‌ను కొలిచే ప్రమాణం) అదనపు భారం కంటి మీద పడుతుంది. చిన్న వయసులో కంటిలోపలి కటకం తన వంపు మార్చుకుని ఆ అదనాన్ని మోయగలదు కాబట్టి దూరం బాగానే కనిపిస్తుంది. సాయంత్రానికి తలనొప్పి మొదలవుతుంది, పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. దూరం స్పష్టంగా ఉండటంతో పవర్ మీద అనుమానమే రాదు.

సిలిండర్ ఉన్నవారి పరిస్థితి ఇంకా సున్నితమైనది. కార్నియా అన్ని వైపులా ఒకే వంపుతో కాకుండా ఒక దిశలో ఎక్కువ వంపుతో ఉంటే దాన్ని సరిచేసే ఈ సిలిండర్ పవర్ కచ్చితంగా ఒక కోణంలో, అంటే చీటీలో రాసిన యాక్సిస్‌లో, నిలవాలి. కళ్లద్దాల ఫ్రేము ఆ కోణాన్ని కదలనివ్వదు. కంటి మీది లెన్సు మాత్రం రెప్ప పడినప్పుడల్లా తిరగబోతుంది. అందుకే సిలిండర్‌ను సరిదిద్దే టోరిక్ లెన్సులు చాలావాటిలో కింది భాగాన్ని కొంచెం మందంగా చేస్తారు. లెన్సు 10 డిగ్రీలు పక్కకు తిరిగితే సరిదిద్దవలసిన సిలిండర్‌లో మూడో వంతు మిగిలిపోతుంది. 30 డిగ్రీలు తిరిగిందా, ఆ సిలిండర్ ఉన్నా లేనట్టే. లెన్సు మీద సన్నని గీతలు ఉంటాయి. కంటిని పెద్దదిగా చూపే పరీక్షా యంత్రం స్లిట్ ల్యాంప్ కింద వాటిని చూసి, ఎంత తిరిగిందో కొలిచి, ఆ మేరకు యాక్సిస్ మార్చి మరో ట్రయల్ లెన్సు పెట్టి చూడటమే ఫిటింగ్ అంటే. కౌంటర్ వెనక నిలబడి పెట్టె అందించే వ్యక్తికి గానీ, ఫోన్‌లో ఆర్డరు తీసుకునే యాప్‌కు గానీ ఇది సాధ్యపడే పని కాదు. ఆ శ్రమ లేకుండా సిలిండర్‌లో సగాన్ని మామూలు పవర్‌కు కలిపి, మైనస్ 2తో పాటు మైనస్ 1 సిలిండర్ ఉన్నవారికి మైనస్ 2.50 ఇచ్చి పంపడం పరిపాటి. అర సిలిండర్‌కు అది నడుస్తుంది. ఒకటింపావుకు నడవదు, రాత్రి వీధి దీపాలు తోకలు సాగినట్టు కనిపిస్తే కారణం అక్కడే వెతకాలి.

మసక ఎప్పుడు వస్తుందన్నది మంచి ఆధారం. రెప్ప వేయగానే చూపు చెదిరి, క్షణం తర్వాత తేరుకుంటే లెన్సు వదులుగా ఉండి జారుతున్నట్టు. రెప్ప వేసినప్పుడు తేటపడి మళ్లీ మసకబారితే లెన్సు బిగుతుగానైనా ఉండాలి, కన్నీటి పొరైనా ఆరిపోతుండాలి. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవారు రెప్పవేయడమే తగ్గించేస్తారు కాబట్టి, సాయంత్రానికి ముదిరే మసక ఎక్కువగా ఈ రెండో రకానిదే. నలభై దాటిన మైనస్ వారిది మరో సమస్య: కళ్లద్దాలతో కంటే లెన్సులతో దగ్గరి వస్తువుల మీద చూపు నిలపడానికి కంటికి ఎక్కువ శ్రమ అవసరం. నిన్నటిదాకా కళ్లద్దాలతో చదివినవారికి లెన్సులు పెట్టగానే వార్తాపత్రిక దూరం జరపవలసి రావడం లెన్సు తప్పు కాదు.

కుడి ఎడమ లెన్సులు తారుమారవడం, లెన్సు తిరగబడి గిన్నెలా కాక పళ్లెంలా అంచులు విచ్చుకోవడం, వేళ్లకున్న కొబ్బరినూనె, కాటుక అంటడం కూడా సాధారణమే. పెట్టె మీద ఓడి అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. లెన్సులు తీసి కళ్లద్దాలు పెట్టుకోవాలి. చూపు తేటపడితే లోపం చాలావరకు లెన్సులోనో, అది కూర్చున్న తీరులోనో ఉన్నట్టు. కళ్లద్దాలతోనూ మసక పోకపోతే, దానికి నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం తోడైతే అది ఫిటింగ్ సమస్య కాదు. అదే రోజు కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. లెన్సులను కుళాయి నీటితో కడిగేవారికి అకాంతమీబా అనే సూక్ష్మజీవి వల్ల కార్నియాకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదం ఉంది. పరీక్షకు పనికొస్తాయి కాబట్టి ఆ లెన్సులనూ డబ్బీనీ పారేయకుండా వెంట తీసుకెళ్లాలి.

ఇంత పని ఉన్న ఫిటింగ్ మన అమ్మకాల్లో ఎందుకు కనిపించకుండా పోయింది? గట్టి లెన్సుల కాలంలో ప్రతి కంటినీ కొలవక తప్పేది కాదు, ఎందుకంటే సరిపడని లెన్సును కన్ను భరించలేదు. 1961లో చెకోస్లోవేకియా శాస్త్రవేత్త ఒటో విక్టర్లే ఇంట్లో పిల్లల ఆట సామానుతో కట్టిన యంత్రం మీద మెత్తని లెన్సులు తయారుచేశాడు. 1971లో అమెరికాలో వాటికి అనుమతి వచ్చింది. మెత్తని లెన్సు సరిపడకున్నా పెద్దగా నొప్పించదు. ఆ సుఖమే వ్యాపారానికి కలిసొచ్చిందని నా అభిప్రాయం: ఒకటి రెండు కొలతల్లో చేసిన లెన్సును పెట్టెలో పెట్టి సబ్బుబిళ్లలా అమ్మడం వీలైంది. 2021లో వచ్చిన ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం చూపు పరీక్షించి కళ్లద్దాలు, లెన్సులు అమర్చే ఆప్టోమెట్రిస్టులకు జాతీయ స్థాయి గుర్తింపునిచ్చింది గానీ, లెన్సు పెట్టె బిల్లులో వారి పనికి ఇప్పటికీ ప్రత్యేకమైన గీత లేదు. ‘ఫిటింగ్ ఉచితం’ అని రాసినచోట చాలాసార్లు ఆ ఫిటింగే ఉండదు. దానికి విడిగా రుసుము వేసి, వారం తర్వాతి పునఃపరీక్షను కూడా అందులోనే కలిపి రాయించుకుంటే, మసకగా ఉందని తిరిగొచ్చిన మనిషికి కనీసం స్లిట్ ల్యాంప్ ముందు కూర్చునే హక్కు ఉంటుంది.