ప్లైవుడ్ తీసేసి అల్యూమినియం రేకు వేస్తే చాలా?

"పడవలో ప్లైవుడ్ నేల పీకేసి, దాని చోట అల్యూమినియం రేకు బిగించండి. బరువు తగ్గుతుంది, కుళ్లదు, ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదు." చిన్న పడవలున్నవాళ్లు ఒకరికొకరు ఈ సలహా తెగ పంపుకుంటున్నారు. సరిగ్గా వేస్తే అల్యూమినియం మంచి నేలే. ఈ మాటల్ని మాత్రం నమ్మి పని మొదలుపెట్టకండి.

ముందు బరువు సంగతి. 12 మి.మీ. ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు 7 కిలోలు. 3 మి.మీ. అల్యూమినియం రేకు 8 కిలోల పైమాటే. అంటే తగ్గకపోగా పెరిగింది. పోనీ అంత గట్టిగా ఉంటుందా అంటే, అదీ లేదు. వంగకుండా నిలిచే శక్తి మందాన్ని బట్టి చాలా వేగంగా పెరుగుతుంది. మందం రెట్టింపైతే ఆ శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే లోహమైనా సరే, 3 మి.మీ. రేకు ఆ ప్లైవుడ్ కంటే ఎన్నో రెట్లు తేలిగ్గా వంగుతుంది. దానికి సాటి రావాలంటే దాదాపు 6 మి.మీ. రేకు కావాలి, అది 16 కిలోలు! పలుచటి రేకే వేస్తానంటే కింద అడ్డపట్టీలు దగ్గర దగ్గరగా వేయాలి, వాటి బరువూ లెక్కలోకి వస్తుంది. ఆ పట్టీలు లేకపోతే అడుగు వేసినప్పుడల్లా రేకు దిగుతూ లేస్తూ, కొన్నాళ్లకు స్క్రూ రంధ్రాల దగ్గర చీలుతుంది.

కుళ్లదన్నది నిజమే, కానీ తినుకుపోతుంది. ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ స్క్రూ నేరుగా తగిలిన చోట అల్యూమినియమే కరుగుతుంది. చెదపురుగు పట్టకుండా రాగి మందు ఎక్కించిన చెక్క మీద పరిస్తే ఇంకా త్వరగా పోతుంది. తడిసిన ఫోమ్, కార్పెట్ ఆనుకున్నా గుంటలు పడతాయి. 5052, 5083 లాంటి సముద్రపు రకం రేకే తీసుకోండి. స్క్రూకీ రేకుకీ మధ్య ప్లాస్టిక్ వాషర్, సీలెంట్ తప్పనిసరి.

"చూసుకోనక్కర్లేదు" అన్న మాట వింటేనే నాకు టెన్షన్ వస్తుంది. చాలా ఫైబర్ పడవల్లో ప్లైవుడ్ నేలను ఫైబర్‌తో అడుగుకీ పక్కలకీ అతికించేస్తారు. పడవ మెలి తిరగకుండా పట్టి ఉంచేది అదే. దాన్ని కోసేసి నాలుగు స్క్రూలతో రేకు పెడితే ఆ పట్టు పోతుంది. పైగా నేల కుళ్లిందంటే కిందున్న చెక్క దూలాలు కూడా నానే ఉండవచ్చు. వాటిని చూడకుండా రేకు కప్పితే కుళ్లు కనిపించకుండా సాగిపోతుంది.

జారడం, ఎండకు కాలడం కూడా ఉన్నాయి, గరుకు పూత వేస్తే చాలావరకు సర్దుకుంటాయి.

నేల తీశాక ముందు దూలాలను సన్నటి డ్రిల్‌తో పొడిచి చూడండి. పొడి పొట్టు వస్తే సరే. ముదురు రంగులో తడి ముద్ద వస్తే రేకు కొనడం ఆపి, ముందు ఆ దూలాలు మార్చండి.