నాలుగో ఫర్నేసు

విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలుములు, మూడు. మొదటిది గోదావరి, రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. మనవల్ని పిలిచేటప్పుడు ఒకరి పేరుతో ఇంకొకరిని పిలిచే మా మామయ్యగారు ఈ మూడు పేర్ల దగ్గర మాత్రం ఎన్నడూ తడబడలేదు. గోదావరిని రాజేసిన రోజుల్లో ఉద్యోగంలో చేరి, అన్నపూర్ణ కూడా రాజుకున్నాక రిటైరయ్యారు. ఆ తర్వాత కొన్నాళ్ళు నిప్పు జోలికి వెళ్ళలేదు. మా వంటింట్లో, మిక్సీకీ మంచినీళ్ళ ఫిల్టరుకీ మధ్య నాలుగో ఫర్నేసు ఒకటుందని గమనించేదాకా కూర్మన్నపాలెంలో మా ఫ్లాటు ప్రశాంతంగానే ఉంది.

దాన్ని మేము ఓటీజీ అంటాం, కేకులూ రొట్టెలూ కాల్చే చిన్న కరెంటు ఓవెన్. బాబు పుట్టినరోజు కేకు కోసం కొన్నాం. ఆ కేకు సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. అప్పటినుంచీ అత్తయ్యగారు అందులో అప్పడాలు దాచుకుంటున్నారు. సముద్రం పక్క ఊళ్ళో అప్పడం మెత్తబడకుండా ఉండడమంటే కేకు పొంగడం కన్నా పెద్ద విషయమే మరి.

మామయ్యగారు ఆ మధ్య ఒహాయోలో మా ఆడపడుచు ఇంట్లో ఒక చలికాలం గడిపి వచ్చారు. తెచ్చినవాటిలో చాక్లెట్లు, మోకాళ్ళ నొప్పులకు రాసుకునే ట్యూబులు, ఒక అట్టముక్క ఉన్నాయి. ఆ అట్టముక్క మీద మా ఆడపడుచు పక్కింటావిడ తన చేత్తో రాసిచ్చిన వంట ఉంది. చీజీ పొటాటో కేసరోల్. తురిమిన బంగాళాదుంపలు, సోర్ క్రీమ్, డబ్బాలో వచ్చే చికెన్ సూపు, 2 కప్పుల చెడ్డార్ చీజ్, పైన వెన్నలో కలిపిన కార్న్ ఫ్లేక్స్. అన్నీ కలిపి 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న గిన్నెలో సర్ది, 350 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి.

"ఏం రుచమ్మా! మొహమాటం లేకుండా మళ్ళీ వేయించుకున్నాను," అన్నారు. ఎక్కడ తిన్నారో, ఏ సందర్భంలో తిన్నారో చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు.

శనివారం సాయంత్రానికి విజయనగరం నుంచి పెద్దత్తయ్యగారు, పెద్దమామయ్యగారు వస్తున్నామని ఫోన్ చేశారు. పెద్దమామయ్యగారికి డెబ్భయ్యేళ్ళు నిండుతున్నాయి, భీమరథ శాంతి చేయించుకుంటున్నారు. మా ఇంటికి స్వయంగా వచ్చి శుభలేఖ ఇవ్వాలని ప్రయాణం. వాళ్ళు శనివారం రాత్రి అన్నం తినరు, ఫలహారమే. అత్తయ్యగారు పెసరపప్పు నానబోయబోతుంటే మామయ్యగారు అట్టముక్కతో వంటింట్లోకి వచ్చారు.

"ఇవాళ ఫలహారం నేను చూసుకుంటాను. మీరిద్దరూ హెల్పర్లుగా ఉండండి."

నేను ఓటీజీ మీద అంకెలు చూసి కంగారుపడ్డాను. అది 250 దగ్గర ఆగిపోయింది, అట్టముక్క మీద 350 అని ఉంది.

"అది ఫారెన్‌హీట్ అమ్మా. 32 తీసేసి, అయిదుతో గుణించి తొమ్మిదితో భాగించు. 177 వస్తుంది." కాగితం, పెన్ను ఏమీ లేవు. "1400 డిగ్రీలు దాటిన ఇనుము కాలవలో పారుతుంటే పక్కన నిలబడ్డవాణ్ణి. ఇది నాకు గోరువెచ్చన."

ఆయన లెక్క సరిగ్గానే ఉంది. మా మామయ్యగారితో వచ్చే చిక్కే అది. కష్టమైనవన్నీ తప్పులేకుండా చేస్తారు.

గాజువాక రైతుబజారుకి వెళ్ళి, బోర్డు మీద ధర చూసి, దాని మీద కూడా బేరమాడి, దుంపలు తెచ్చారు. అమెరికాలో ఈ తురుము దుకాణంలోనే దొరుకుతుంది. ఓ ఉడుకు రానిచ్చి, గడ్డకట్టించి సంచుల్లో పెట్టి అమ్ముతారు కాబట్టి నల్లబడదు, నీరు కారదు. అట్టముక్క రాసినావిడకి అది చెప్పాల్సిన విషయంలా అనిపించి ఉండదు. మామయ్యగారు పచ్చి దుంపలు తురుముపీట మీద తురిమి, పళ్ళెంలో గుట్ట పోసి, పాత షిఫ్టు స్నేహితుడి ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్ళారు. ఆ స్నేహితుడు తక్కువ మాట్లాడే మనిషి కాదు. తిరిగొచ్చేసరికి గుట్ట గులాబీ రంగు దాటి, ఇటుక రంగు దాటి, బూడిద రంగులో స్థిరపడింది.

"తురిమింది తురిమినట్టు నీళ్ళల్లో వెయ్యొద్దూ? వంకాయ ముక్కలు వెయ్యడం చూళ్ళేదా ఎప్పుడూ?" అన్నారు అత్తయ్యగారు.

"ఆక్సిడేషన్," అన్నారు మామయ్యగారు గంభీరంగా.

బ్లాస్ట్ ఫర్నేసులో చేసే పని ఏమిటంటే ఇనుప ఖనిజంలోంచి ఆక్సిజన్‌ని ఊడబీకడం. ఆయన సర్వీసంతా ఆ ఆక్సిజన్‌ని తరిమారు. అది ఇన్నాళ్ళు ఓపిక పట్టి మా వంటింట్లో కక్ష తీర్చుకుందని నా అనుమానం.

మళ్ళీ తురిమారు. ఈసారి నీళ్ళల్లో వేశారు. వేశాక గట్టిగా పిండాలని అత్తయ్యగారు చెప్పబోతే, హెల్పర్లు సలహాలివ్వకూడదన్నారు. జల్లెడలో కాసేపు ఉంచి, అదే చాలన్నారు. ఆ నీళ్ళ సంగతి తర్వాత వస్తుంది.

సోర్ క్రీమ్ బదులు పెరుగు. దాన్ని పాత పంచె ముక్కలో మూటకట్టి సింకు మీద కొళాయికి వేలాడదీశారు. సాయంత్రం గిన్నెలు తోమడానికి వచ్చిన పనిమనిషి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏటమ్మా, కొళాయికి దిష్టిమూట కట్టీసినారేటి? ఎవురికి బాగులేదు?"

పెరుగని ఎంత చెప్పినా వినలేదు. గిన్నెలన్నీ పెరట్లాంటి వెనక బాల్కనీకి మోసుకుపోయి అక్కడ తోమింది. వెళ్తూ వెళ్తూ ఆ మూట వైపు చూడకుండా పక్కకి తిరిగి నడిచింది.

శనివారం కాబట్టి సింహాద్రి అప్పన్న భక్తులున్న ఇంట్లో చికెన్ సూపు మాటే లేదు. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, మిరియాలు దంచి వేసి చిక్కటి సాసు చేశాను. అది బాగా వచ్చింది. ఈ మాట నేనిక్కడ చెప్పుకోకపోతే ఇంకెవరూ చెప్పరు. చెడ్డార్ ధర చూసి మామయ్యగారు మామూలు చీజ్ క్యూబులు తెచ్చారు, బాబు వాటిలో కొన్ని తగ్గించాడు. కార్న్ ఫ్లేక్స్ ప్యాకెట్ విప్పితే సముద్రపు గాలికి అట్టముక్కల్లా వంగుతున్నాయి. అత్తయ్యగారు మాట్లాడకుండా జంతికల డబ్బా తెచ్చి, గుప్పెడు జంతికలు నలిపి ఇచ్చారు. ఆ వంటకం మొత్తంలో అందరూ ఒప్పుకున్న నిర్ణయం అదొక్కటే.

అసలు కథ గిన్నె దగ్గర మొదలైంది. మా ఆడపడుచు పంపిన గాజు గిన్నె సరిగ్గా అట్టముక్క చెప్పిన కొలతే, దానికి రెండు వైపులా చెవులు అదనం. అడ్డంగా పెడితే పట్టలేదు. నిలువుగా పెడితే తలుపు రెండు వేళ్ళ మందం తెరుచుకునే ఉంది.

"చిన్న గిన్నెల్లోకి సర్దుదాం మామయ్యగారూ," అన్నాను.

ఆయన నా మాట విననే లేదు. తలుపు సందులోకి తదేకంగా చూస్తున్నారు. రిటైరయ్యాక ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

"చపాతీ పిండి ఉందా అమ్మా?"

ఫర్నేసు అడుగున కరిగిన ఇనుము బయటికి వచ్చే రంధ్రం ఒకటుంటుంది, టాప్‌హోల్ అంటారు. ఇనుము తియ్యడం పూర్తయ్యాక మడ్ గన్ అనే యంత్రంతో మట్టి దట్టించి దాన్ని మూసేస్తారు. ఆ వేడికి మట్టి గట్టిపడి బిరడాలా బిగుసుకుంటుంది. మామయ్యగారు మాకు ఇంతవరకూ చెబుతూ, తలుపు చుట్టూ చపాతీ పిండి దట్టించి బొటనవేలితో అదిమారు. ఒక్క సందు వదల్లేదు. మళ్ళీ తెరవాలంటే ఆ బిరడాని డ్రిల్లు పెట్టి తొలుస్తారన్నది ఈ విషయంలోనే రెండో సగం. అది మాకు రాత్రి తొమ్మిది దాటాక తెలిసింది.

చుట్టాలు వచ్చారు. హాల్లో ఏసీ వేశాం. పెద్దమామయ్యగారు కాళ్ళకి వేడినీళ్ళు కావాలంటే గీజరు వేశాం. వంటింట్లో ఫర్నేసు నడుస్తోంది. మూడూ కలిసి పది నిమిషాలు ఓర్చుకుని, ఠప్పుమని ఎంసీబీ స్విచ్చి పడిపోయి కరెంటు పోయింది. కింది నుంచి వాచ్‌మన్ అరిచాడు, "ఏటండీ, ఏటి కాలతంది?" ఏదో ఒకటి ఆపాలి. మామయ్యగారు క్షణం ఆలోచించకుండా ఏసీ ఆపారు. మండుతున్న ఫర్నేసుని మధ్యలో ఆపితే లోపల సరుకు గడ్డకట్టి పెద్ద నష్టమట. పెద్దత్తయ్యగారు చెమటలు తుడుచుకుంటూ, సంచిలోని శుభలేఖలే ఒక కట్ట తీసి విసురుకోవడం మొదలుపెట్టారు.

గంట అయింది. ఇల్లంతా కాల్చిన రొట్టె వాసన, నిజం చెప్పాలంటే అద్భుతంగా ఉంది. తలుపు లాగితే రాలేదు. పిండి ఎర్రగా కాలి, ఓటీజీనీ తలుపునీ ఒకటే వస్తువు చేసేసింది. మామయ్యగారు చేతికి తడిగుడ్డ చుట్టుకుని స్క్రూడ్రైవరు తెచ్చారు. దాని వెనక అప్పడాల కర్రతో కొట్టారు. పెద్దమామయ్యగారు హాల్లోంచి లేచి వచ్చి టార్చి పట్టుకున్నారు. ఇద్దరు తోడల్లుళ్ళూ ఇంత ఐకమత్యంగా పనిచేయడం పెళ్ళయ్యాక ఇదే చూడ్డమని అత్తయ్యగారు అన్నారు. ఊడిపడిన మొదటి ముక్క బాబు ఎత్తుకుపోయి తినేశాడు. "తాతయ్యా, తలుపు బావుంది, ఇంకొంచెం," అన్నాడు.

చివరికి తెరుచుకుంది. పైన జంతికలు కరకరలాడుతూ బంగారు రంగులో ఉన్నాయి. గరిటె దించితే కింద నుంచి నీళ్ళు పైకొచ్చాయి, పిండని నీళ్ళు. పెరుగు విరిగింది. చీజ్ ముక్కలు కొన్ని తమ ఆకారాలు కాపాడుకున్నాయి. పళ్ళేల్లో వడ్డించబోయి, మళ్ళీ లోపలికి వెళ్ళి గిన్నెలు తెచ్చాను.

రుచి మాత్రం బాగానే ఉంది. పెద్దత్తయ్యగారు రెండు స్పూన్లు తిని, మర్యాదగా, "బావుంది మరిదిగారూ. దుంపల మజ్జిగపులుసా?" అన్నారు.

మామయ్యగారికి రోషం వచ్చింది.

"మజ్జిగపులుసేమిటండీ! 2002లో సాల్ట్ లేక్ సిటీలో చలికాలం ఒలింపిక్స్ జరిగితే, ఈ వంటకం బొమ్మతో చొక్కాకి పెట్టుకునే పిన్నులు కూడా చేశారు. అంత పేరు దీనికి. అక్కడ చాలా ఊళ్ళల్లో ఇది లేకుండా చావు భోజనం పెట్టరు."

స్పూన్ల చప్పుడు ఆగింది. ఆయన గమనించలేదు.

"ఎవరైనా పోతే ఇరుగుపొరుగువాళ్ళు చేసి పట్టుకొస్తారు. నేను తిన్నదీ అలాగే. అమ్మాయి వాళ్ళ వీధి చివర ఒకాయన పోయారు. నిక్షేపంలాంటి మనిషి. పాపం, డెబ్భయ్యేళ్ళు."

అత్తయ్యగారు కళ్ళతో చాలా చెప్పారు, ఆయన వైపు చేరలేదు. టీపాయ్ మీద శుభలేఖ ఉంది, ఆయురారోగ్యాల శ్లోకం పైకి కనబడుతూ. పెద్దత్తయ్యగారు గిన్నె మెల్లగా కింద పెట్టి, మెడలో నల్లపూసలు సర్దుకున్నారు.

పెద్దమామయ్యగారు మాత్రం తింటూనే ఉన్నారు.

"మన దగ్గరా అంతే కదయ్యా. చావింట్లో పొయ్యి రాజెయ్యరు, పక్కింటివాళ్ళే ఇంత వండి పంపాలి. అమ్మాయ్, ఇటు ఇంకో గరిటె వెయ్యి. అడుగు నుంచి కాదు, జంతికలున్న వైపు నుంచి. అప్పుడెలాగూ నాకు పెట్టరు."

వెళ్ళేముందు పెద్దత్తయ్యగారు మాకు బొట్టుపెట్టి, శుభలేఖ చేతికిచ్చి, చెల్లెల్ని పక్కకి పిలిచారు. "మరిదిగారు ముందు రోజే వచ్చి దగ్గరుండాలి. పీటల దగ్గర, పంతులుగారి దగ్గర, ఎక్కడైనా సరే. వంటశాల వైపు మాత్రం రానివ్వకు."

ఆ మాట వినాల్సినాయన హాల్లో లేరు. వంటింట్లో టేపు పట్టుకుని ఓటీజీ లోతు కొలుస్తున్నారు.

"అమ్మాయ్, ఈ తలుపు పూర్తిగా పీకేసి, ముందు రెండు వరసలు ఇటుక పేరిస్తే ఎలా ఉంటుందంటావ్?"